పిల్లల దగ్గరికి శాన్ హోసే పోతా ఉన్నారా? ఇంట్లో కూర్చోకుండా తిరిగి రావడం ఎట్లా

మా వీధిలో నాలుగిళ్లకి ఒకింట్లో కొడుకో కూతురో అమెరికాలో, కాలిఫోర్నియాలో శాన్ హోసే పక్కనే ఉన్నారు, అమ్మానాయినలు ఆర్నెల్లు పోయి వస్తా ఉంటారు, వచ్చినాక ఏం చూసినారు అంటే "ఏముందిలేప్పా, ఇల్లు, టీవీ, ఆదివారం గుడి" అంటారు. నేను గూడా మొదటిసారి అంతే, వారం పొడుగునా కిటికీలో నుంచి ఎదురింటి గ్యారేజీ తలుపు చూస్తా కూర్చున్నా. రెండోసారి మాత్రం సొంతంగా తిరిగినా. మన తిరుపతి, చిత్తూరు నుంచి పోయేవాళ్లకి పనికొస్తుందని రాస్తా ఉన్నా. ముందు ఊరి పేరు, అది శాన్ జోస్ కాదు, శాన్ హోసే, మా మనవరాలు రెండు రోజులు నవ్వింది నన్ను చూసి.

వీసా ఫారాలు పిల్లలే నింపుతారు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. మనకి చెన్నై దగ్గర, జెమినీ ఫ్లైఓవర్ కాడే అమెరికా కాన్సులేట్, వేలిముద్రలకి ఒకసారి, ఇంటర్వ్యూకి ఒకసారి పోవాలి. ఒక్క విషయం మాత్రం బుర్రలో పెట్టుకోండి, వీసా పదేళ్లకి ఇచ్చినా పదేళ్లు ఉండొచ్చని కాదు, అక్కడ దిగినాక ఆఫీసరు ఏ తేదీ దాకా రాస్తే అంతవరకే, మామూలుగా ఆర్నెల్లు. ఆ తేదీ ఉండే ఐ-94 అనే కాగితం ఆన్‌లైన్‌లో తీసి ప్రింట్ పెట్టుకోమని పిల్లలకి చెప్పండి. టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ అడగండి, సిగ్గేం లేదు, నడవలేక కాదు, దారి తప్పకుండా ఉంటారని.

సామాన్లలో పచ్చి కరివేపాకు పెట్టుకోకండి, నిమ్మజాతి చెట్లకి పట్టే పురుగు దాంతో వస్తుందని పట్టుకుంటే పారేస్తారు. మాంసం, పండ్లు గూడా వద్దు. ఏం తిండి తెచ్చారంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, స్వామివారి ప్రసాదం ఉంటే అది గూడా చెప్పండి, దాస్తేనే ఫైన్. రాగిపిండి, కందిపప్పు మోసుకుపోవాల్సిన పనే లేదు, పక్క ఊరు సన్నీవేల్‌లో ఎల్ కమినో రోడ్డు పొడుగునా మన అంగళ్లే. బీపీ, షుగర్ మందులు మాత్రం చీటీతో సహా ఉండే రోజులకి సరిపడా తీసుకోండి, ఇన్సూరెన్స్ లేకుండా విమానం ఎక్కకండి.

ఎప్పుడు పోవాలంటే నా లెక్కలో ఏప్రిల్ చివర నుంచి అక్టోబరు లోపల. ఎండలో పుట్టి పెరిగినోళ్లం మనకి అక్కడి ఎండ ఒక లెక్కా అంటారేమో, నిజమే, నడి ఎండాకాలంలో గూడా మామూలు రోజు 28 డిగ్రీలు, మన మే నెలతో పోలిస్తే ఏసీ వేసినట్టే. కానీ అది పొడి ఎండ, చెమట పట్టదు, దాహం తెలీదు, పెదాలు పగిలిపోతాయి, వాజిలీన్, నీళ్ల సీసా చేతిలో ఉండాల్సిందే. పొద్దు వాలితే 14, 15కి పడిపోతుంది, స్వెట్టర్ లేకుండా సాయంత్రం బయటికి పోకండి. జూన్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, అన్నం వేళ తెలీక మా ఇంటామె పదింటికి కుక్కర్ పెట్టేది. వాన చలికాలంలోనే, అదీ ఏడాదికి 15 అంగుళాలే, సముద్రం వైపు శాంతా క్రూజ్ కొండలు మబ్బుల్ని ముందే పిండేస్తాయంట. మొదటి నాలుగైదు రోజులు తెల్లారి మూడింటికి, సరిగ్గా సుప్రభాతం వేళకి, కళ్లు తెరుచుకుంటాయి, కంగారు పడకండి, పగలు నిద్రపోకుండా ఎండలో నడిస్తే సర్దుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, బస్సు. కారు నడపడం రాకపోతే ఆ ఊర్లో కాళ్లు లేనట్టే అని పిల్లలు భయపెడతారు, సగమే నిజం. వీటీఏ అని బస్సులు, లైట్ రైలు ఉన్నాయి, క్లిప్పర్ కార్డు ఒకటి తీసుకుంటే అదే కార్డు కాల్‌ట్రెయిన్‌కి, బార్ట్ రైలుకి గూడా పనిచేస్తుంది, 65 దాటినోళ్లకి వయసు రుజువు చూపిస్తే సీనియర్ కార్డు ఇస్తారు, చార్జీ బాగా తగ్గుతుంది. నేను మొదటి రోజు చేసిన తప్పు మీరు చేయకండి. మన అలవాటు ప్రకారం ఎడమ పక్క స్టాపులో నిలబడినా, బస్సు వచ్చింది, నంబరు సరిపోయింది, ఎక్కి కూర్చున్నా, పావుగంటకి చూస్తే ఇంటికి ఇంకా దూరం పోతా ఉంది. అక్కడ బండ్లు కుడిపక్కన పోతాయి కదా, మనకి కావాల్సిన బస్సు రోడ్డుకి అవతల ఆగుతుంది. నంబరు ఒక్కటే చాలదు, నుదుటి మీద ఏ ఊరు రాసుందో చూడండి. బస్సు ముందర ఒక ఇనప చట్రం ఉంటుంది, ఎక్కేవాళ్లు సైకిల్ ఎత్తి దాంట్లో నిలబెట్టి లోపలికి వస్తారు, నేను నోరు తెరుచుకోని చూసినా. మీ స్టాపు వచ్చేముందు కిటికీ వెంబడి ఉండే తీగ లాగాలి, "ఆపండి సార్" అని అరిస్తే అందరూ మన వైపే చూస్తారు. చిల్లర ఇవ్వరు. రోడ్డు దాటాలంటే స్తంభానికుండే బటన్ నొక్కి మనిషి బొమ్మ వచ్చేదాకా ఆగండి, ఖాళీ రోడ్డే కదా అని మన గాంధీ రోడ్డులో దూరినట్టు దూరకండి.

ఏం చూడాలి? పెద్ద కంపెనీల ఆఫీసులు చూద్దామని మాత్రం ఒక రోజంతా పాడు చేసుకోకండి. కుపర్టినోలో ఆపిల్ వాళ్ల గుండ్రటి బిల్డింగులోకి మనల్ని రానియ్యరు, ఎదురుగా విజిటర్ సెంటర్ ఉంది, మోడల్ చూసి, మేడ మీద కాఫీ తాగి వచ్చేయడమే. పాలో ఆల్టోలో హెచ్‌పీ పుట్టిన కారు షెడ్డు ఉంది, 1939లో 538 డాలర్లతో మొదలుపెట్టిన కంపెనీ, దాన్నీ ఫుట్‌పాత్ మీద నిలబడే చూడాలి, రెండు నిమిషాలు. డౌన్‌టౌన్‌లో ఆకాశమంత మేడలు ఊహించుకోకండి, ఎయిర్‌పోర్టు పక్కనే ఆనుకోని ఉంది కాబట్టి ఎత్తుకి హద్దు పెట్టినారు. కంప్యూటర్లంటే ఆసక్తి ఉంటే మౌంటెన్ వ్యూలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంకి పోండి, పంచ్ కార్డులతో నడిచే పాత ఐబీఎం 1401 ని బాగుచేసి నడిపి చూపిస్తారు, కార్డులు టకటకా పడతా ఉంటే మా బావ అక్కణ్ణించి కదల్లేదు. వించెస్టర్ మిస్టరీ హౌస్ అని ఒక పాత వింత ఇల్లుంది, పైకప్పుకి పోయి ఆగిపోయే మెట్లు, 160 గదులు, టికెట్ మాత్రం గట్టిగానే ఉంటుంది, పిల్లలు కొనిస్తేనే చూడండి.

నాకు నచ్చింది వేరే. ఈ కంప్యూటర్ చిప్పులు, సాఫ్ట్‌వేరు అంతా వచ్చింది తర్వాత, అంతకుముందు శాన్ హోసే ఉండే లోయంతా పండ్ల తోటలే, ఆప్రికాట్లు, ప్లమ్‌లు, వాటిని ఎండబెట్టే కళ్లాలు, డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు, అచ్చం మన చిత్తూరులో తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నట్టే. సన్నీవేల్‌లో హెరిటేజ్ ఆర్చర్డ్ అని పదెకరాల ఆప్రికాట్ తోట ఇప్పటికీ ఉంచినారు, చుట్టూ ఇళ్లు, మధ్యలో చెట్లు. మున్సిపల్ రోజ్ గార్డెన్ గూడా ఒకప్పుడు ప్లమ్ తోటే, ఐదున్నర ఎకరాలు, టికెట్ లేదు, మే నెలలో పోతే గులాబీలు విరగబూసి ఉంటాయి. సాయంత్రం బెంచీల మీద మనవాళ్లే కనపడతారు, నాకు అక్కడ ఒక పలమనేరు ఆయన తగిలినాడు, మామిడి రేటు గురించి గంట మాట్లాడుకున్నాం, భూగోళానికి అవతల పక్క కూర్చోని.

ఒక్కరోజు పిల్లలకి సెలవుంటే మౌంట్ హామిల్టన్ కొండ ఎక్కించమనండి, 4,200 అడుగులు, పైన నక్షత్రాలు చూసే లిక్ అబ్జర్వేటరీ. 1888లో 36 అంగుళాల టెలిస్కోపు పెట్టినారు, లెన్సుతో పనిచేసే టెలిస్కోపుల్లో అప్పట్లో ప్రపంచంలో అదే పెద్దది, డబ్బులిచ్చిన జేమ్స్ లిక్‌ని దాని కిందే సమాధి చేసినారు. ఆ టెలిస్కోపుకి వెలుతురు అడ్డం రాకుండా కింద ఊర్లో చాలా ఏళ్లు పసుపుపచ్చ సోడియం లైట్లే వేసుకున్నారంట. లోపలికి ఏ రోజు పోనిస్తారో ముందే చూసుకోండి. పైన పెట్రోలు బంకు లేదు, ట్యాంకు నింపుకోనే ఎక్కండి. మలుపులు మన తిరుమల ఘాట్‌ని మించి ఉన్నాయి, పొద్దున పొట్టనిండా తినకండి, ఒక నిమ్మకాయ మాత్రం జేబులో వేసుకోండి.