మన కళాశాలకు ఒప్పందం లేకున్నా డిగ్రీ మధ్యలో విదేశీ అధ్యయనం: ఎంపిక, దరఖాస్తు

నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరు వంటి ఊళ్లలో డిగ్రీ గానీ ఇంజినీరింగ్ గానీ చదివే పిల్లలకు విదేశీ చదువు అనగానే గుర్తొచ్చేది ఒక్కటే: పట్టా చేతికొచ్చాక బ్యాంకు రుణం తీసుకుని ఎంఎస్‌కు వెళ్లడం. డిగ్రీ మధ్యలోనే వేసవి సెలవుల్లో రెండు మూడు నెలలు గానీ, ఒక సెమిస్టర్ గానీ విదేశీ విశ్వవిద్యాలయంలో గడిపి, తిరిగి వచ్చి ఇక్కడే పట్టా పుచ్చుకోవచ్చన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. పెద్ద సంస్థల్లో ఇందుకోసం ప్రత్యేక విభాగాలు, విదేశీ విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలు ఉంటాయి. మన అనుబంధ కళాశాలల్లో చాలావాటికి అవి లేవు. అందువల్ల ఇక్కడి విద్యార్థి బయటి సంస్థలు నడిపే కార్యక్రమాన్ని తానే వెతుక్కుని, తానే దరఖాస్తు చేసుకోవలసి వస్తుంది.

ఈ వెతుకులాట రంగురంగుల బ్రోషర్లతో కాక, మీ కళాశాల పరీక్షల విభాగంతో మొదలు కావాలని నా గట్టి అభిప్రాయం. విదేశంలో చదివినదాన్ని మీ విశ్వవిద్యాలయం ఏమని నమోదు చేస్తుందన్నది మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్న. నెల్లూరు డిగ్రీ కళాశాలలు 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పరిధిలోనివి; ఒంగోలు వైపు ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం ఉంది. ఇంజినీరింగ్ కళాశాలల్లో నెల్లూరువి ఎక్కువగా అనంతపురం జేఎన్‌టీయూకు, ప్రకాశంవి కాకినాడ జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉంటాయి. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలకు వాటి నిబంధనలు వాటికుంటాయి. మీది ఏ పరిధిలోకి వస్తుందో దాన్ని బట్టే నిర్ణయం ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది.

జేఎన్‌టీయూ నిబంధనల్లో సాధారణంగా 75 శాతం హాజరు తప్పనిసరి. ముందస్తు అనుమతి లేకుండా సెమిస్టర్ మధ్యలో విదేశానికి వెళ్తే, అక్కడ ఎంత బాగా చదివినా ఇక్కడ ఆ సెమిస్టర్ పోతుంది. జూనియర్లతో కలిసి మళ్లీ చదవాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం ట్విన్నింగ్ పద్ధతిలో, అంటే ఇక్కడి డిగ్రీలో కొంత భాగాన్ని విదేశీ సంస్థలో చదివే పద్ధతిలో, అక్కడ సంపాదించే క్రెడిట్లు (కోర్సు పూర్తి చేస్తే లెక్కకు వచ్చే పాయింట్లు) మొత్తంలో 30 శాతం మించకూడదు. అది కూడా రెండు సంస్థలు ఒప్పందం చేసుకున్నప్పుడే వర్తిస్తుంది. విద్యార్థి సొంతంగా వెళ్లి తెచ్చుకున్న క్రెడిట్లను దాని కింద అడగడానికి వీలుండదు. కాబట్టి మీరు అక్కడ చదవబోయే ప్రతి కోర్సు సిలబస్‌నూ ఇక్కడి కోర్సు సిలబస్ పక్కన పెట్టి, ఏది దేనికి సమానమో పట్టిక రాసి, విభాగాధిపతి ద్వారా ప్రిన్సిపాల్‌కు, అవసరమైతే విశ్వవిద్యాలయానికి పంపి, సమాధానాన్ని కాగితం మీద తీసుకోవాలి. “వెళ్లిరా, తర్వాత చూద్దాం” అని నోటితో చెప్పిన మాట పరీక్షల విభాగంలో చెల్లదు.

ఇవన్నీ చూస్తే, మన జిల్లాల విద్యార్థుల్లో ఎక్కువమందికి సెమిస్టర్ కంటే వేసవి పరిశోధన ఇంటర్న్‌షిప్పే తగినదని నాకు అనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ, ఇంజినీరింగ్ పాఠ్యప్రణాళికల్లో ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి భాగమే. విదేశీ ప్రయోగశాలలో చేసే పనిని ఆ ఇంటర్న్‌షిప్‌గా గుర్తించమని అడగడం, కోర్సుకు కోర్సు క్రెడిట్ బదిలీ అడగడం కన్నా చాలా సులభం. హాజరు సమస్య కూడా చాలావరకు తప్పుతుంది.

ఇలాంటి కార్యక్రమాల్లో ఖర్చు వాళ్లే భరించేవి ముందు చూడాలి. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ భారతీయ సైన్స్, ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం వైజ్ అనే పథకం నడుపుతోంది. దానికి జర్మనీలోని ఒక ఆచార్యుడి నుంచి ఆహ్వాన లేఖ మీరే సంపాదించుకోవాలి. కెనడాలో మైటాక్స్ గ్లోబలింక్ పథకం కింద 12 వారాల పరిశోధన చేయవచ్చు. అక్కడ ఆచార్యుణ్ని మీరు వెతకనక్కరలేదు, జాబితాలోని ప్రాజెక్టుల నుంచి ఎంచుకుంటే చాలు. ఫ్రాన్స్ రాయబార కార్యాలయం చార్పాక్ పేరిట ప్రయోగశాల ఇంటర్న్‌షిప్‌లకు ఉపకార వేతనం ఇస్తుంది. ఏయే సంస్థల విద్యార్థులు అర్హులు, ఎన్ని సెమిస్టర్లు మిగిలి ఉండాలి, కనీస సీజీపీఏ ఎంత అన్న షరతులను ప్రతి ఏటా ప్రకటనలో ఇస్తారు. సీనియర్లు చెప్పినది రెండేళ్ల కిందటి నిబంధన కావచ్చు కనుక ఆ ఏడాది ప్రకటనే చదవాలి. మన రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకాలు, కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పూర్తి స్థాయి ఉన్నత డిగ్రీల కోసం ఉద్దేశించినవి. మూడు నెలల కార్యక్రమానికి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

రెండో రకం, మనమే రుసుము కట్టి చేరే వేసవి పాఠశాలలు, సెమిస్టర్ కార్యక్రమాలు. వీటిని విశ్వవిద్యాలయాలు నేరుగా నడిపితే చిక్కు తక్కువ. మధ్యలో ఒక ప్రైవేటు సంస్థ ఉంటే మాత్రం ఎక్కువ సేపు ఆగి చూడాలి. కొన్ని సంస్థలు పేరున్న విశ్వవిద్యాలయ ప్రాంగణంలో గదులు అద్దెకు తీసుకుని తమ తరగతులు తామే నడుపుకొంటాయి. బ్రోషర్ మీద ఆ విశ్వవిద్యాలయం బొమ్మ ఉంటుంది, చివర ఇచ్చే సర్టిఫికెట్ మీద దాని పేరు ఉండదు. అందుకని మొదటి మెయిల్‌లోనే అడగండి: మార్కుల ట్రాన్‌స్క్రిప్టు ఎవరి పేరు మీద వస్తుంది, దాన్ని ఏ విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ జారీ చేస్తారు, అందులో క్రెడిట్ల సంఖ్య ఉంటుందా? తర్వాత ఆ విశ్వవిద్యాలయ సొంత వెబ్‌సైట్‌లో ఈ కార్యక్రమం పేరు ఉందో లేదో వెతకండి. లేకపోతే వాళ్ల అంతర్జాతీయ విభాగానికే నేరుగా రాయండి. రెండు వాక్యాల జవాబు మీ నాన్నగారి రెండు లక్షలను కాపాడవచ్చు. వీసా రాకపోతే కట్టిన డబ్బులో ఎంత తిరిగి ఇస్తారు, వసతి రుసుములో భాగమేనా, ఆరోగ్య బీమా ఎవరు చేయిస్తారు అన్నవి కూడా సొమ్ము కట్టక ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఎందుకు వెళ్తున్నారో ముందు మీకు మీరు స్పష్టం చేసుకుంటే ఎంపిక సగం సులువవుతుంది. ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం 1904లో ఇంగ్లండుకు వెళ్లారు. అప్పటికే ఆయన రాజమండ్రిలో పేరున్న ప్లీడరు. పై కోర్టుల్లో వాదించాలంటే బారిస్టరు కావాలి, ఆ చదువు లండనులోనే ఉంది. అందుకే వెళ్లి, అది పూర్తి చేసుకుని వచ్చి మద్రాసు హైకోర్టులో నిలబడ్డారు. ఇక్కడ దొరకనిది ఏమిటో, అది ఎక్కడ దొరుకుతుందో తెలిసి వెళ్లినవారి దరఖాస్తు అలాగే వేరుగా కనిపిస్తుంది.

దరఖాస్తులో రాసే ఉద్దేశ పత్రం (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) విషయంలో మన విద్యార్థులు చేసే పెద్ద పొరపాటు, తమ ఊరిని దాచిపెట్టడం. “చిన్నప్పటి నుంచీ విదేశీ సంస్కృతులంటే నాకు ఆసక్తి” అనే వాక్యంతో వేల పత్రాలు మొదలవుతాయి. చదివేవారికి అది ఏమీ చెప్పదు. దాని బదులు ఒక మత్స్యశాస్త్ర విద్యార్థిని ఇలా రాసిందనుకోండి: మా ఇంట్లో నాలుగెకరాల వనామీ రొయ్యల గుంటలున్నాయి, తెల్లమచ్చ వైరస్ వచ్చి ఒక పంట మొత్తం పోయింది, అప్పటి నుంచి హేచరీ దశలో రొయ్య పిల్లకు ఇచ్చే మేత, నీటి నాణ్యత మీద నా దృష్టి పడింది, పిల్ల రొయ్యలకు వేసే ఆర్టీమియా మీద బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక పరిశోధన కేంద్రమే ఉంది కాబట్టి అక్కడికి రావాలనుకుంటున్నాను. ఆమె ఎక్కడి నుంచి వస్తోందో, ఏం నేర్చుకోవాలనుకుంటోందో, ఆ చోటే ఎందుకో మూడూ అందులో ఉన్నాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దుమ్ము, కనిగిరి ప్రాంతపు ఫ్లోరైడ్ నీళ్లు, పెన్నా ఆయకట్టు వరి, ఇవన్నీ ప్రపంచంలో ఎక్కడో ఒక ప్రయోగశాలలో ఎవరో ఒకరు పని చేస్తున్న విషయాలే. వాటి మధ్య పెరిగినవారు ఆ సంగతి చెప్పుకోకపోవడం నిజంగా బాధ కలిగిస్తుంది.

ఆచార్యులకు రాసే మెయిల్‌కూ ఇదే వర్తిస్తుంది. ఒకే మెయిల్‌ను వంద మందికి పంపితే అది చూడగానే తెలిసిపోతుంది. పది మందిని ఎంచుకుని, ఒక్కొక్కరి ఇటీవలి పరిశోధన పత్రాన్ని ఒక్కటైనా చదివి, అందులో మీకు అర్థమైనదేమిటో, మీరు చేయగల పని ఏమిటో, ఏ తేదీల నుంచి ఏ తేదీల వరకు రాగలరో పదిహేను పంక్తుల్లో రాయండి. మార్కుల వివరాలను, ఒక పేజీ బయోడేటాను జత చేయండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే మర్యాదగా మరొక్కసారి గుర్తు చేసి, ఆ తర్వాత వదిలేయండి.

సిఫారసు లేఖలు మన దగ్గర అనుకున్నదానికంటే ఎక్కువ సమయం తింటాయి. చాలా దరఖాస్తుల్లో అధ్యాపకుడే ఆన్‌లైన్‌లో, కళాశాల అధికారిక ఈమెయిల్ నుంచి లేఖ పంపాలి. మన అధ్యాపకుల్లో చాలామంది సొంత జీమెయిలే వాడుతారు. కళాశాల డొమైన్‌తో ఈమెయిల్ ఇప్పించమని కార్యాలయాన్ని నెల ముందే అడగాలి. “నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను” అని సార్ అంటే, లేఖ రాయకుండా, ఆయన దగ్గర మీరు చేసిన ప్రాజెక్టులు, ల్యాబ్ పనులు, సెమినార్లు ఒక పేజీలో రాసి ఇచ్చి, లేఖ మాత్రం ఆయన మాటల్లోనే రాయమని వినయంగా కోరండి. ఒకే మనిషి రాసినట్టున్న రెండు లేఖలు మీ మీద నమ్మకాన్ని పోగొడతాయి. మార్కుల విషయంలో పది పాయింట్ల సీజీపీఏను మీరే నాలుగు పాయింట్లలోకి మార్చి రాయకుండా, ఉన్నది ఉన్నట్టు ఇచ్చి, మీ విశ్వవిద్యాలయ గ్రేడింగ్ వివరణ పత్రాన్ని జత చేయండి. బ్యాక్‌లాగ్‌లు ఉంటే దాచకండి.

పాస్‌పోర్టు ఇంకా లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి. సాధారణ పద్ధతిలో 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు. మనకు అందుబాటులో తిరుపతిలోనూ విజయవాడలోనూ సేవా కేంద్రాలున్నాయి. ఇక్కడ మన తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరుది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో అసలు లేకుండా ఉండటం ఇక్కడ సర్వసాధారణం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత బ్యాంకు ఖాతా నుంచి ట్రాన్‌స్క్రిప్టు దాకా అదే వెంటాడుతుంది. మెమోలో ఉన్నట్టే ఇంటిపేరు, పేరు విడివిడిగా రాయించి, అదే రాతను ప్రతి దరఖాస్తులోనూ వాడండి.

కాలం లెక్క వెనక నుంచి వేసుకోవాలి. వేసవిలో వెళ్లే పరిశోధన కార్యక్రమాల్లో చాలావాటికి గడువు ముందు ఏడాది సెప్టెంబరు, నవంబరు మధ్యే ముగుస్తుంది. బీటెక్ మూడో సంవత్సరం వేసవిలో వెళ్లాలనుకునేవారు రెండో సంవత్సరం చివర్లోనే వెతకడం మొదలుపెట్టాలి. సంక్రాంతి సెలవుల్లో ఆలోచిద్దామనుకుంటే ఆ ఏడాదికి ఆలస్యమైనట్టే. ఆంగ్ల పరీక్ష అడిగితే ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లు చెల్లుతాయి కాబట్టి ముందుగా రాసినా నష్టం లేదు. కొన్నిచోట్ల ఆంగ్ల మాధ్యమంలో చదివినట్టు కళాశాల ఇచ్చే ధ్రువపత్రంతోనే సరిపెడతారు. పరీక్షకు డబ్బు కట్టే ముందు అది అడిగి చూడండి.

ఖర్చులో విమానం టికెట్టు, రుసుమే కాక వీసా ఖర్చు కూడా లెక్కలోకి రావాలి. జర్మనీ, ఫ్రాన్స్ వంటి షెంగెన్ దేశాల్లో (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాలు) 90 రోజుల లోపు ఉండటానికి వీసా రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ ఇవ్వవచ్చు. అమెరికాకు విద్యార్థి వీసా దరఖాస్తుకు 185 డాలర్లు, దాని పైన సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) రుసుము ఎఫ్-1 (చదువు) వీసాకు 350, జే-1 (మార్పిడి కార్యక్రమాల) వీసాకు 220 డాలర్లు. క్రెడిట్ వచ్చే చదువుకు అమెరికా సందర్శక వీసా మీద వెళ్లడం నిబంధనలకు విరుద్ధం. ఏజెంటు ఫరవాలేదన్నా వినవద్దు. బ్రిటన్‌లో మాత్రం గుర్తింపు ఉన్న సంస్థలో ఆరు నెలల లోపు చదువుకు సందర్శక వీసా సరిపోతుంది.

కన్సల్టెన్సీల సంగతి కూడా చెప్పాలి. వాటిలో చాలావాటి ఆదాయం పూర్తి డిగ్రీలో చేర్పించినందుకు విదేశీ కళాశాల ఇచ్చే కమీషన్ మీద నడుస్తుంది. ఉపకార వేతనంతో వెళ్లే మూడు నెలల కార్యక్రమం గురించి చెబితే వాళ్లకు వచ్చేది ఏమీ ఉండదు కాబట్టి, అడిగినా చెప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు. డబ్బు తీసుకోకుండా సలహా ఇచ్చే అధికారిక కార్యాలయాలు మనకు దగ్గరలోనే ఉన్నాయి. అమెరికా విషయాలకు ఎడ్యుకేషన్‌యూఎస్ఏ, ఫ్రాన్స్‌కు క్యాంపస్ ఫ్రాన్స్, జర్మనీకి డీఏఏడీ. ఈ మూడింటికీ చెన్నైలో కేంద్రాలున్నాయి. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. వెళ్లే ముందు సమయం తీసుకుని, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. వీలైతే అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. పిల్లలు చెబితే కలగని నమ్మకం అక్కడి అధికారి మాటతో కలుగుతుంది, ముఖ్యంగా ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి వెనకాడే ఇళ్లలో.

ఎంపికైనట్టు లేఖ వచ్చాక దాని ప్రతిని, మొదట తీసుకున్న అనుమతి పత్రాన్ని, సెలవు దరఖాస్తును కలిపి కళాశాలలో ఇచ్చి, ఇన్‌వార్డ్ (అందినట్టు) ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర ఉంచుకోండి. అక్కడి నుంచి బయలుదేరే ముందే ఆచార్యుడి సంతకంతో పని చేసిన తేదీలు, గంటలు, మూల్యాంకనం ఉన్న పత్రం తీసుకోండి. కోర్సులు చదివితే ట్రాన్‌స్క్రిప్టును సీలు వేసిన కవరులో మీ పరీక్షల విభాగం చిరునామాకే పంపమని రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, రసీదు చేతికి వచ్చాకే విమానాశ్రయానికి బయలుదేరండి.