కోపమొస్తే ప్రతిసారీ యాంగ్రీ అనక్కర్లేదు

ఇంగ్లీషులో మనసులో ఉన్నది చెప్పాల్సి వస్తే చాలామంది హ్యాపీ, శాడ్, యాంగ్రీ, టెన్షన్ అనే నాలుగు మాటలతోనే నెట్టుకొస్తారు. గ్రామర్ తప్పేం ఉండదు కానీ, విన్నవాళ్లకి మన మనసు ఉన్నదానికంటే ఎక్కువగానో తక్కువగానో అర్థమవుతుంది. అందుకే నోరు తెరిచే ముందు రెండు చూసుకోండి: ఆ ఫీలింగ్ ఎంత గట్టిగా ఉంది, ఎందుకు వచ్చింది.

కోపమే తీసుకోండి. పక్కింట్లో అర్ధరాత్రి దాకా పాటలు మోగుతుంటే వచ్చే చిరాకు అనాయిడ్. నిజంగా కోపమొస్తే యాంగ్రీ, ఒళ్లు మండిపోతే ఫ్యూరియస్. ఫ్యూరియస్‌లోనే 'చాలా' కలిసి ఉంది కాబట్టి దాని ముందు వెరీ పెట్టకండి, యాబ్సల్యూట్లీ పెట్టండి. ఎప్పుడో జరిగిన అన్యాయం ఇప్పటికీ లోపల రగులుతుంటే అది రిజెంట్‌ఫుల్. ఆఫీసు మెయిల్‌లో 'ఐ యామ్ యాంగ్రీ' అని రాస్తే గొడవకి దిగినట్టే ఉంటుంది, అనుకున్నట్టు జరగలేదని చెప్పడానికి డిజప్పాయింటెడ్ చాలు, ఎంత తిరిగినా పని కదలక విసుగొస్తే ఫ్రస్ట్రేటెడ్. మనిషి మీద కోపమైతే యాంగ్రీ విత్, విషయం మీదైతే యాంగ్రీ అబౌట్.

ఇక మన టెన్షన్. 'ఐ యామ్ టెన్షన్' అనే వాక్యం ఇంగ్లీషులో కుదరదు. ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నప్పుడు నర్వస్, వీసా ఇంకా రాలేదని ఆలోచిస్తుంటే వరీడ్. యాంక్షస్ కొంచెం లోతైనది, కారణం ఇదీ అని చెప్పలేని గుబులు కూడా అందులోకే వస్తుంది. అదే యాంక్షస్ పక్కన 'టు' చేర్చి 'యాంక్షస్ టు స్టార్ట్' అంటే మాత్రం ఎప్పుడు మొదలుపెడదామా అనే ఆత్రం!

నలుగురిలో టీ ఒలకబోసుకుంటే ఎంబరాస్డ్, చేసిన పనికి తలెత్తుకోలేకపోతే అషేమ్డ్, ఇంకొకరికి అన్యాయం చేశానని మనసు పీకుతుంటే గిల్టీ.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఒకరోజు మూడ్ బాలేకపోతే డిప్రెస్డ్ అనకండి, 'లో' (low) అనో 'డౌన్' అనో అనండి. డిప్రెషన్ వైద్యం అవసరమైన జబ్బు. ప్రతి చిన్నదానికీ ఆ మాట వాడేస్తే నిజంగా బాధపడుతున్నవాళ్లు చెప్పినప్పుడు ఎవరూ పట్టించుకోరు.

నేర్చుకోవడానికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్‌ల లెర్నర్స్ డిక్షనరీలు నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. అర్థం చదివి వదిలేయకుండా కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చూడండి, పక్కన ఏ ప్రిపొజిషన్ వస్తోందో గమనించండి, ఆ తర్వాత ఈ వారం మీకే జరిగిన సంగతితో ఒక వాక్యం రాయండి.