అటక దిగిన మోడల్ రైలు కదలకపోతే: లక్షణం, కారణం, మరమ్మతు

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అటక మీద పడి ఉన్న మోడల్ రైలును రిటైరయ్యాక దించితే, అది మొదటిసారే సాఫీగా నడవడం అరుదు. వెంటనే చాలామంది స్క్రూడ్రైవరు అందుకుంటారు. ఇంజను విప్పుతారు, లోపలి స్ప్రింగు ఎగిరి మంచం కిందికి పోతుంది, ఆ పూటకు ఆట కట్టు. నిజానికి లోపం చాలావరకు ఇంజనులో ఉండదు. కరెంటు నడిచే దారి పట్టుకుని వెతకాలి: ముందు ట్రాన్స్‌ఫార్మరు, తర్వాత పట్టాలు, ఆ తర్వాత చక్రాలు, అన్నిటికన్నా చివర మోటారు. ఇక్కడ చెప్పేది ఎక్కువమంది దగ్గర ఉండే హెచ్‌ఓ సైజు గురించి. అంటే అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు, 12 వోల్టుల డీసీ.

ప్లగ్గు పెట్టే ముందు

సెట్టు అమెరికాలో కొన్నదైతే ట్రాన్స్‌ఫార్మరు అడుగున రాసింది చదవండి. 120 వోల్టులని ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు, పెడితే కాలిపోతుంది. వోల్టేజి తగ్గించే కన్వర్టరు వాడవచ్చు. కానీ వైరు పైతొడుగు పెళుసెక్కి చిట్లుతుంటే టేపు చుట్టి సరిపెట్టకండి. దాన్ని పక్కన పెట్టి, 12 వోల్టుల డీసీ అడాప్టరు, వేగం మార్చే చిన్న కంట్రోలరు, దిశ మార్చే స్విచ్చి కొనుక్కోవడం మేలు.

ఇంజనులో ఉలుకూ పలుకూ లేదు

ఆటో విడిభాగాల దుకాణంలో దొరికే 12 వోల్టుల, 5 వాట్ల బల్బుకు రెండు వైర్లు కలిపి పట్టాల మీద ఆనించండి. ఎక్కడా వెలగకపోతే లోపం ట్రాన్స్‌ఫార్మరులోనో దాని వైర్లలోనో ఉంది. దగ్గర బాగా వెలిగి దూరాన మసకబారితే పట్టాల అతుకులు వదులయ్యాయి. అంతటా ఒకేలా వెలిగితే అప్పుడు చక్రాల వైపు చూడండి. మల్టీమీటరు ఉండగా బల్బెందుకు అనవచ్చు. మీటరు కరెంటును దాదాపుగా లాగదు కాబట్టి, తుప్పుపట్టిన అతుకు అవతల కూడా 12 వోల్టులూ చూపించి మనల్ని మోసం చేస్తుంది. బల్బు అలా మోసపోదు.

ఆగి ఆగి నడుస్తుంది, వేలితో తోస్తే మళ్లీ కదులుతుంది

అటక దిగిన రైళ్లన్నిటికీ ఉండే జబ్బు ఇదే. పాత పట్టాలు ఇత్తడివైతే వాటి మీద ఏర్పడే ఆక్సైడు పొర కరెంటును ఆపుతుంది. ఉక్కువైతే తుప్పు, సముద్రతీర ఊళ్లలో మరీ త్వరగా. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా నికెల్ సిల్వరువి. పేరులో వెండి ఉన్నా అందులో ఉండేవి రాగి, నికెల్, జింకు మాత్రమే. దాని మీద కూడా పొర ఏర్పడుతుంది కానీ కరెంటుకు అంతగా అడ్డు రాదు.

నూలుగుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపి పట్టాల పైభాగం తుడవండి. గుడ్డ నల్లబడటం ఆగేదాకా తుడవాలి. గరుకు కాగితం వద్దు, అది గీసిన గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. స్టీలు పీచు అసలే వద్దు. దాని పొడి మోటారు అయస్కాంతానికి అతుక్కుని లోపల షార్టు చేస్తుంది. ఉక్కు పట్టాలు గుంటలు పడేంతగా తుప్పుపట్టి ఉంటే వాటి మీద చాకిరీ దండగ, కొత్త నికెల్ సిల్వరు పట్టాలు వేసుకోండి.

పట్టాలు తుడిచి చక్రాలు వదిలేస్తే ఆ మురికి కాసేపట్లోనే తిరిగి పట్టాలకెక్కుతుంది. కాగితపు రుమాలును ఆల్కహాలుతో తడిపి, ఆవిరి పోయేదాకా ఆగి, చెమ్మగా ఉన్న ఆ కాగితాన్ని పట్టాల మీద పరచండి. ఇంజను ముందు చక్రాలు కాగితం మీద, వెనకవి ఉత్త పట్టా మీద ఉండేలా చేత్తో పట్టుకుని కొద్దిగా కరెంటివ్వండి. చక్రాలు ఉన్నచోటనే తిరుగుతూ కాగితం మీద కాటుక లాంటి రెండు నల్లటి చారలు గీస్తాయి. కాగితం జరుపుతూ చారలు పలచబడేదాకా చేసి, ఇంజను తిప్పిపెట్టి రెండో వైపూ అలాగే చేయండి. చక్రాల వెనక సన్నని రాగి రంగు రేకులుంటాయి, అవి చక్రానికి తగులుతున్నాయో లేదో కూడా చూడండి.

దూరం పోయేకొద్దీ నీరసిస్తుంది

పట్టాలను కలిపే రేకు జాయినర్లు కరెంటును కూడా మోస్తాయని నమ్మి ఒకేచోట వైర్లిస్తాం. ఏళ్లు గడిస్తే అవి సాగిపోతాయి. బల్ల కింద రెండు లావుపాటి తీగలు లాగి, మీటరు దూరానికొకచోట సన్నని వైర్లతో పట్టాలకు టంకం పెడితే ఈ బాధ పోతుంది. జాయినర్లన్నిటికీ టంకం పెట్టేయకండి. తేమ మారినప్పుడు బల్ల చెక్క ఉబ్బి కుంగుతుంది, పట్టాలు కదలడానికి అక్కడక్కడ అట్టముక్క మందాన సందుండాలి.

మోటారు గుయ్యిమంటుంది, చక్రాలు తిరగవు

పాత గ్రీజు గట్టిపడి జిగురైపోయి ఉంటుంది. గేర్లను ఆల్కహాలుతో కడిగి, ప్లాస్టిక్‌కు హాని చేయదని రాసి ఉన్న నూనె సూదిమొనతో ఒక్క చుక్క వేయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేసేవారున్నారు. చలికాలంలో సీసాలో పేరుకునేది గేర్లలోనూ పేరుకుంటుంది. కమ్యుటేటరు (మోటారులో బ్రష్షులు రాసుకుంటూ తిరిగే రాగి భాగం) మీద మాత్రం ఏ నూనె చుక్కా పడకూడదు.

నడిచేటప్పుడు చక్రం తిరిగినప్పుడల్లా టిక్కుమంటూ కుంటుతుంటే ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు నిలువునా చీలింది. జిగురు పెట్టినా నిలవదు, గేరు మార్చాలి.

ఇంకో సంగతి. పాత డీసీ ఇంజనును డిజిటల్ పద్ధతి, అంటే ఒక్కో ఇంజనుకు విడిగా ఆదేశాలు పంపే డీసీసీ పట్టాల మీద పెడితే కదలకుండానే రొద పెడుతుంది. వెంటనే తీసేయండి, మోటారు కాలిపోగలదు. దానికి ఆ ఆదేశాలు అందుకునే డీకోడరు పెట్టించాకే ఆ పట్టా ఎక్కించాలి. ఇంజనును పిలిచే నంబరు, అంటే చిరునామా, కొత్త డీకోడరుకు మామూలుగా 3 అని ఉంటుంది.

కాసేపటికే వేడెక్కిపోతుంది

మోటారుకు కరెంటందించే కార్బన్ బ్రష్షులు అరిగి ఉంటాయి, లేదా అయస్కాంతం బలం తగ్గి ఉంటుంది. అయస్కాంతం బలహీనపడితే మోటారు కరెంటు ఎక్కువ లాగి పని తక్కువ చేస్తుంది. బ్రష్షులు దొరుకుతాయి, అయస్కాంతం బదులు సరిపడే నియోడిమియం అయస్కాంతపు ముక్కలు పెట్టవచ్చు.

లోహపు చట్రం ఉబ్బి బీటలు వారింది

జింకు మిశ్రమంలో సీసం వంటి మలినాలు కలిసి ఉంటే ఏళ్ల తర్వాత అది లోపలినుంచే చిట్లి పొడిపొడి అవుతుంది. మందు లేదు. పక్క ఇంజనుకు అంటుకునే జబ్బు కూడా కాదు. పనికొచ్చే చక్రాలు, మోటారు తీసి దాచుకోండి.

పెట్టెలు పట్టా తప్పుతున్నాయి

ఎప్పుడూ ఒకేచోట తప్పితే పట్టాది తప్పు, ఎక్కడపడితే అక్కడ తప్పితే పెట్టెది. బరువు తూచండి. అమెరికా మోడల్ రైలు సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సూచన ప్రకారం హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు, దాని పొడవులో ప్రతి అంగుళానికీ మరో అర ఔన్సు ఉండాలి. ఆరంగుళాల పెట్టె నాలుగు ఔన్సులు, అంటే దాదాపు 113 గ్రాములు తూగాలి. తగ్గితే లోపల వాషర్లు అతికించండి. 18 అంగుళాల వ్యాసార్ధపు మలుపులో పొడవాటి ప్రయాణికుల పెట్టెలు తిరగకపోతే పొట్టి పెట్టెలు కట్టుకోండి.

రైల్వేలో చేసి రిటైరైనవారికి ఇంకో అనుమానం వస్తుంది: మన దేశపు ఇంజను మోడల్ కింద పట్టాలు ఇరుకుగా లేవూ అని. కళ్లు సరిగ్గానే ఉన్నాయి. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో అది 19.3 దాకా రావాలి. 16.5 అనేది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి లెక్క. పట్టాలూ ఇంజన్లూ దొరికేది ఆ కొలతలోనే కాబట్టి సర్దుకుపోవాలి.

కళ్లు, నడుము సహకరించవు

తలకు తగిలించుకునే భూతద్దం కొనండి. బల్ల కింద పడుకుని వైర్లు కలిపే వయసు కాదు. పట్టాలు పరిచిన పలకను నిలబెట్టి పని చేసుకునేలా కీళ్లతో బిగించండి. టంకం పొగ ముఖం మీదికి రాకుండా దూరంగా పోయేలా ఫ్యాను పెట్టుకోండి.

నెలలు గడిచినా రైలు నడవనే లేదు

గదంతా నిండే పథకం వేసుకున్నారన్నమాట. ఇంగ్లండులో ఆలన్ రైట్ కల్పించిన ఇంగిల్‌నూక్ అనే వ్యాగన్ల అమరిక ఆటకు అయిదడుగుల చెక్క, రెండు పాయింట్లు (రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించేవి), ఒక చిన్న ఇంజను, ఎనిమిది పొట్టి వ్యాగన్లు చాలు. మూడు పక్కదారుల్లో వరుసగా అయిదు, మూడు, మూడు వ్యాగన్లు పడతాయి. చీట్లు తీసి, వచ్చిన వరుసలోనే అయిదు వ్యాగన్ల రైలు కూర్చాలి. అలాంటి వరుసలు 6,720 ఉన్నాయి.