మిశ్రమ మాధ్యమంలో అమూర్త చిత్రం: కుంచె పట్టే ముందు

ఇసుక, గోనెగుడ్డ, చెక్కపొట్టు లాంటివి దట్టంగా అతికించే ఆలోచన ఉంటే కాన్వాస్ వద్దు. బరువుకి గుడ్డ సాగి పైపొర పగులుతుంది. 6 మి.మీ. ప్లైవుడ్ గానీ ఎండీఎఫ్ (చెక్కనారతో చేసిన పలక) గానీ తీసుకుని రెండు వైపులా గెస్సో (రంగు పట్టడానికి ముందు వేసే తెల్ల పూత) పూయండి. ఒకవైపే పూస్తే పలక వంగుతుంది.

ఆరిన అక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు. ఆయిల్ మీద అక్రిలిక్ వేస్తే మాత్రం పట్టు దొరక్క పొరలుగా ఊడిపోతుంది. ఆయిల్ పాస్టెల్ (నూనె, మైనం కలిసిన రంగు కడ్డీ) గీతల మీద వేసినా అంతే. పాస్టెల్ పూర్తిగా ఆరదు కూడా, కాబట్టి ఆ గీతలు చివరికి ఉంచుకోండి.

సముద్రపు ఇసుకని ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడిగి ఎండబెట్టాలి. వార్తాపత్రిక ముక్కలు త్వరగా పసుపెక్కుతాయి (ఆ రంగే కావాలంటే సరే). మేకులు, తీగలు తుప్పు పట్టకుండా ముందే వార్నిష్ పూయండి. మామూలు తెల్ల జిగురు తేమకి మెత్తబడుతుంది; బరువైనవాటికి హెవీ జెల్ మీడియమే (చిక్కటి అక్రిలిక్ జెల్) నమ్మకం.

మోడలింగ్ పేస్ట్ (ఎత్తుపల్లాలు తేవడానికి వాడే చిక్కటి ముద్ద) ఒకేసారి మందంగా పూయకండి. పైన తోలు కట్టి, లోపల పచ్చిగా ఉండి, ఆరేకొద్దీ బీటలిస్తుంది. 2-3 మి.మీ. పొర ఆరాకే రెండోది. వానాకాలంలో ఇంకా ఆగాలి.

రంగు ఒంపే పద్ధతికి పలక మట్టంగా ఉందో లేదో స్పిరిట్ లెవెల్‌తో చూసుకోండి.

కొత్త కలయిక ఏదైనా ముందు చిన్న ముక్క మీద వేసి, వారం ఆగి, టేపు అంటించి లాగండి. రంగు టేపుతో వచ్చేస్తే ఆ కలయిక మానేయండి.

పొడి రంగులు కలిపేటప్పుడు, ఆరిన పొరని గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే మండిపోవచ్చు. నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూతపెట్టండి.