అక్టోబరులో చింక్వే తెర్రే వెళ్తున్నారా? రైలెక్కే ముందు ఇవి చూసుకోండి

ఇటలీ వాయవ్య తీరంలో కొండల అంచున ఉన్న ఐదు ఊళ్ళనే చింక్వే తెర్రే అంటారు. వాటిని చూడటానికి కారు అక్కర్లేదు. లా స్పెజియా నుంచి లెవాంతో దాకా తీరం వెంట నడిచే రైలు రియోమజ్జోరె, మనరోలా, కోర్నిల్యా, వెర్నాజ్జా, మోంతెరోస్సో ఐదు ఊళ్ళలోనూ ఆగుతుంది. ఊరికీ ఊరికీ మధ్య నాలుగైదు నిమిషాల ప్రయాణమే. అక్టోబరులో జనం కాస్త తగ్గుతారు కదా అని ఇంటి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్దామనుకునే మనవాళ్ళు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ ఊళ్ళున్న లిగూరియా ప్రాంతపు తీరానికి అసలైన వానాకాలం అదే.

2011 అక్టోబరు 25న కురిసిన వానకి వెర్నాజ్జా, మోంతెరోస్సో ఊళ్ళ మీదికి కొండల నుంచి బురద, రాళ్ళు కొట్టుకొచ్చాయి. ప్రాణాలు పోయాయి. వెర్నాజ్జాలో రేవుకి దిగే ప్రధాన వీధి కింద మూసేసిన వాగు ఉంది. ఫోటోల్లో అది కనిపించదు కాబట్టి గట్టి వాన మొదలైతే అక్కడ నిలబడి వీడియోలు తీయొద్దు, ఎత్తైన చోటికి వెళ్ళిపోండి. బయల్దేరే ముందు రోజు రాత్రీ, పొద్దున్నే మళ్ళీ ఒకసారీ లిగూరియా వాతావరణ హెచ్చరిక చూడండి: పసుపు, నారింజ, ఎరుపు. నారింజ గానీ ఎరుపు గానీ ఉంటే ప్లాన్ మార్చేసుకోండి. హోటల్ డబ్బులు పోతాయన్న టెన్షన్‌తో వెళ్ళొద్దు. ఊళ్ళ మధ్య కొండదారిని మూసి అడ్డంగా గొలుసు కట్టి ఉంటే దాన్ని దాటడం అసలు వద్దు.

పడవని నమ్ముకుని రోజంతా ప్లాన్ చేయకండి. అలలు పెరిగితే ఆపేస్తారు, పైగా కోర్నిల్యాకి పడవే లేదు. ఆ ఊరు కొండ మీద ఉంటుంది, స్టేషన్ నుంచి పైకి దాదాపు 380 మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని మెట్లెక్కించకుండా స్టేషన్ దగ్గర దొరికే చిన్న బస్సు ఎక్కించండి.

టికెట్ దగ్గర జరిమానాలు ఎక్కువ. కాగితం టికెట్ కొంటే రైలెక్కే ముందే ప్లాట్‌ఫామ్ దగ్గరున్న చిన్న యంత్రంలో పెట్టాలి. టక్కుమని తేదీ, టైము పడతాయి. పడ్డాయో లేదో కళ్ళతో చూసుకోండి. ఫోన్‌లో కొన్న రీజనల్ (స్థానిక రైలు) టికెట్‌కి ఎక్కే ముందు చెక్-ఇన్ నొక్కాలి. రెండు మూడు ఊళ్ళు దిగి చూడాలనుకుంటే ఈ ఊళ్ళ మధ్య ఎన్నిసార్లైనా ఎక్కి దిగే వీలున్న చింక్వే తెర్రే రైలు కార్డు తీసుకోవడం నయం.

వెర్నాజ్జాలో వెనక పెట్టెల్లో ఉంటే తలుపు సొరంగంలో తెరుచుకోవచ్చు. చీకటి చూసి ఇది స్టేషన్ కాదేమో అని ఆగిపోకండి, రైలు కదిలిపోతుంది. తలుపు దానంతట అది తెరుచుకోకపోతే బటన్ నొక్కాలి. పెద్దవాళ్ళకి ఇది ముందే చెప్పి, వాళ్ళని మధ్యలో ఉంచుకుని దిగండి.

దొంగల బెడద లా స్పెజియా స్టేషన్లో, రైలెక్కే తోపులాటలో ఎక్కువ. అమ్మ మెడలో గొలుసు కొంగు కిందో స్వెటర్ లోపలో ఉండాలి. పాస్‌పోర్టులు అందరివీ ఒకే బ్యాగులో పెట్టొద్దు.

సమ్మె ఉందేమో వారం ముందు నుంచే చూస్తుండండి. బోర్డు మీద 'షోపెరో' (sciopero) అని ఉంటే సమ్మే. పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రీజనల్ రైళ్ళు తప్పక నడుపుతారు. రాకపోకలు ఆ వేళల్లోకి సర్దుకోండి, ఆ రోజు విమానం మాత్రం పెట్టుకోకండి.

నడవాలనుకునే పిల్లలకి పట్టున్న బూట్లు తప్పనిసరి. చెప్పులతో కొండదారి ఎక్కితే జరిమానా వేస్తారు. అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఆ తర్వాత ఐదుంబావుకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. మధ్యాహ్నం మూడు దాటాక కొత్త దారి మొదలుపెట్టొద్దు.

శాకాహారులు మోంతెరోస్సోలో ఏది ఆర్డర్ చేసినా ముందు చేప ఉందా అని అడగండి, ఆంచోవీ అనే చిన్న చేపలకి పేరున్న ఊరది. శనగపిండితో చేసే ఫరినాతా దొరికితే నిశ్చింతగా తినొచ్చు. నవంబరులో రైళ్ళు బాగా తగ్గుతాయి, కాబట్టి రాత్రి భోజనానికి కూర్చునే ముందే చివరి రైలు ఎన్నింటికో చూసుకోండి. ఏ ఆపద వచ్చినా 112కి ఫోన్ చేయండి.