రెడిట్ నుంచి లెమ్మీకి మారాలంటే

రెడిట్ ఖాతా మూసేయడం ఆఖరి పని. ముందు సెట్టింగ్స్‌లోని డేటా రిక్వెస్ట్ పేజీకి వెళ్లి మీ సమాచారం అడగండి. సీఎస్‌వీ ఫైళ్లుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికలు) ఇస్తారు. 30 రోజుల దాకా పట్టొచ్చు, అందుకే ఇవాళే అడిగి పెట్టుకోండి. సేవ్ చేసుకున్న పోస్టులు తెర మీద చూసి రాసుకుందామంటే కుదరదు, 1000 దాటాక పాతవి కనబడవు.

2023 జులై 1 నుంచి బయటి యాప్‌లకు రెడిట్ ఏపీఐ (యాప్‌లు రెడిట్ నుంచి పోస్టులు తెచ్చుకునే దారి) రుసుము పెట్టడంతో (1000 అభ్యర్థనలకు 24 సెంట్లు) చాలామంది లెమ్మీ బాట పట్టారు. లెమ్మీ కూడా రెడిట్ లాంటి చర్చావేదికే, కానీ ఒకే సైటు కాదు, ఎవరి ఖర్చుతో వాళ్లు నడుపుకునే సర్వర్ల అల్లిక. సిమ్ ఏ కంపెనీదైనా ఎవరికైనా ఫోన్ చేసినట్టే, ఒక సర్వర్‌లో ఖాతా ఉంటే మిగతా చోట్లా రాయొచ్చు. నంబర్ పోర్టింగ్ మాత్రం ఇక్కడ లేదు. మీ పోస్టులు పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి.

అందుకే సర్వర్ ఎంపికకు ఒక సాయంత్రం కేటాయించినా తప్పులేదు. అడ్మిన్‌లు ఒకరికంటే ఎక్కువ ఉన్నారా, విరాళాల లెక్క బయటపెడుతున్నారా, ఏయే సర్వర్లను బ్లాక్ చేశారు? ఈ చివరిది పేజీ అడుగున ఇన్‌స్టాన్సెస్ (లెమ్మీలో సర్వర్లను ఇలా అంటారు) లింకులో ఉంటుంది. 2023 జూన్‌లో బీహా సర్వర్, లెమ్మీ.వరల్డ్ అనే సర్వర్‌తో సంబంధం తెంచుకుంది. అలా తెగితే అవతలివాళ్ల కొత్త పోస్టులు మీకు రావు. కొన్ని సర్వర్లు చేరే ముందు ఎందుకొస్తున్నారని అడుగుతాయి. రెండు వాక్యాలు సొంతంగా రాయండి. ఒక్క ముక్కతో సరిపెడితే స్పామ్ అనుకుంటారు.

ఎక్కువమంది తడబడేది భాష దగ్గర. సెట్టింగ్స్‌లో తెలుగు, ఇంగ్లిష్ ఎంచుకుని ‘అన్‌డిటర్మిన్డ్’ (భాష తేలనివి) ఎంచుకోకుండా వదిలేస్తే సగం లెమ్మీ మాయమవుతుంది, ఎందుకంటే చాలామంది పోస్టుకు భాష గుర్తు పెట్టరు. అదీ ఎంచుకోండి.

రెండో తడబాటు వెతుకులాట. మీ సర్వర్‌లో ఇంతవరకు ఎవరూ చేరని కమ్యూనిటీ (రెడిట్‌లో సబ్‌రెడిట్ లాంటిది) పేరు కొడితే ఏమీ దొరకదు. లాగిన్ అయి ఉండి, ఆశ్చర్యార్థకం, కమ్యూనిటీ పేరు, @, సర్వర్ పేరు ఖాళీల్లేకుండా కలిపి వెతకండి. మొదటిసారి రాకపోతే కాసేపాగి మళ్లీ. పాత పోస్టులు కొన్నే కనబడతాయి, చేరిన దగ్గర్నుంచి కొత్తవి వస్తాయి. ‘పెండింగ్’ దగ్గరే ఆగిపోతే సభ్యత్వం రద్దు చేసి మళ్లీ నొక్కండి.

చిన్న కమ్యూనిటీలు అడుగున పడిపోకుండా ఫీడ్‌ను ‘స్కేల్డ్’ వరుసలో పెట్టుకోండి. ప్రైవేటు సందేశాలకు ఎన్‌క్రిప్షన్ లేదు, ఓట్లు అడ్మిన్‌లకు కనబడతాయి. తుడిచేసిన పోస్టు నకలు ఇంకో సర్వర్‌లో మిగలొచ్చు.

లెమ్.ఈఈ లాంటి పెద్ద సర్వరే 2025 జూన్ ఆఖరుకు మూతబడింది. కనుక నెలకోసారి ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్ నొక్కి ఫైలు దాచండి. అందులో చేరిన కమ్యూనిటీలు, బ్లాక్ చేసినవి, సేవ్ చేసినవి ఉంటాయి. కొత్త సర్వర్‌లో ఇంపోర్ట్ చేస్తే జాబితా తిరిగొస్తుంది.