ఇంట్లో వేసుకున్న కోటింగ్, ఫిల్మ్: కారు మీద మచ్చ కనిపిస్తే ఏం చేయాలి?

ఇంటి దగ్గరే సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద రాస్తే గట్టిపడి రక్షణ పొరగా మారే ద్రవం) వేసుకున్నవారికీ, బానెట్‌కు సొంతంగా పీపీఎఫ్ (పెయింట్‌ను కాపాడే పారదర్శక ఫిల్మ్) అతికించుకున్నవారికీ ఏదో ఒక ఉదయం ఒక మచ్చ కంటపడక తప్పదు. వెంటనే పాలిష్ డబ్బా వెతకడం మనకు అలవాటు. దానికంటే ముందు ఆ మచ్చ ఏ పొరలో ఉందో తేల్చుకోవాలి. కోటింగ్ పైన పేరుకున్నదా, కోటింగే సరిగా ఆరక ఏర్పడినదా, లేక కిందనున్న పెయింట్‌లోకి దిగిపోయినదా? మూడింటికీ మందు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే ఉన్న పెయింట్ కూడా అరుగుతుంది.

కంపెనీ నుంచి వచ్చిన కారుకు ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అందులో మెరుపునిచ్చే క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లే. పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులోంచి కొంత పోతుంది, మళ్లీ రాదు. సీసాలో వచ్చే సిరామిక్ కోటింగ్ ఆరాక మిగిలే పొర మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. పీపీఎఫ్ మాత్రం 150 నుంచి 200 మైక్రాన్ల టీపీయూ అనే సాగే ప్లాస్టిక్ రేకు. హైవే మీద లారీ చక్రం కింది నుంచి ఎగిరొచ్చే కంకరరాయిని ఆపేది ఫిల్మే. సిరామిక్ పనల్లా మురికి అంటుకోకుండా, ఎండకు రంగు వెలవకుండా చూడటం. సీసా మీద 9హెచ్ అని చూసి రాయి తగిలినా ఏమీ కాదనుకునేవారు చాలామంది. అది పెన్సిల్ మొనతో గీసి చూసే పరీక్ష కొలత, వజ్రాల గట్టిదనాన్ని కొలిచే స్కేలుతో దానికి సంబంధం లేదు.

మచ్చను పరీక్షించడం ఇలా. కారును షాంపూతో కడిగి, నీడలో ఆరబెట్టండి. సమానంగా నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మైక్రోఫైబర్ గుడ్డ మీద చల్లి మచ్చను తుడవండి. పోతే అది పైపై మురికి. పోకపోతే ఫోను టార్చిని పక్కవాటుగా పట్టి చూడండి. ఇంద్రధనుస్సు రంగులు తిరుగుతుంటే తప్పు కోటింగ్‌లో ఉంది. గోరు పెట్టి గీస్తే సన్నగా పల్లం తగిలితే అది పెయింట్ దాకా దిగింది.

నూనె కారినట్టు రంగురంగుల మరకలు

సిరామిక్ వేసిన మర్నాడు వచ్చే ఫిర్యాదుల్లో ఇదే ఎక్కువ. కోటింగ్ ఒకచోట మందంగా మిగిలిపోయి, తుడవకముందే గట్టిపడింది. మన దగ్గర దీనికి ప్రధాన దోషి ఎండ. సాధారణంగా ఈ ద్రవాలను 15 నుంచి 25 డిగ్రీల వాతావరణంలో వేయడం మంచిది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం పూట షెడ్డు కింద వేసినా, బానెట్ రేకు చేయి పెట్టలేనంత కాలుతుంటుంది. సీసా మీద మూడు నిమిషాలు ఆగమని రాసి ఉన్నా అక్కడ ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. విశాఖలాంటి తీరప్రాంతాల్లో వానాకాలం ఇంకో చిక్కు. చాలా కోటింగ్‌లు గాలిలోని తేమతో కలిసే గట్టిపడతాయి కాబట్టి ఉక్కపోత రోజున అవి ఇంకా తొందరపడతాయి. గడియారం కంటే కన్నును నమ్మండి. రాసిన చోట పొర సన్నని బిందువులుగా విడిపోతూ రంగులు తిరగడం మొదలైందంటే, తుడవాల్సిన సమయం వచ్చినట్టే.

మరక పడి గంట, రెండు గంటలే అయితే పని తేలిక. అదే ద్రవాన్ని రెండు చుక్కలు మరక మీదే మళ్లీ రాస్తే పాత పొర మెత్తబడుతుంది, వెంటనే పొడి గుడ్డతో తుడిచేయండి. ఒక రోజు దాటితే ఈ ఉపాయం పారదు. అప్పుడు సన్నరకం ఫినిషింగ్ పాలిష్‌ను ఫోమ్ ప్యాడ్ మీద వేసి, ఆ మరక మేరకే చేత్తో రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, అక్కడ మాత్రం కోటింగ్ మళ్లీ వేయాలి. షెడ్డుల్లో పట్టే ముతక రబ్బింగ్ కాంపౌండ్ దీనికి వద్దు.

మొదటిసారే సరిగా రావాలంటే రెండడుగుల చదరం చొప్పున మాత్రమే రాసుకుంటూ వెళ్లండి. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. ఒక గుడ్డతో తడి తీసి, ఇంకో గుడ్డతో మెరుపు తేవాలి. ఆ చదరాన్ని టార్చి వెలుగులో చూశాకే పక్కదానికి పోవాలి. తడి తీసిన గుడ్డను పని అయ్యాక పారేయండి. అందులో ఇంకిన ద్రవం గట్టిపడితే, తర్వాత అదే గుడ్డతో తుడిచినప్పుడు పెయింట్ మీద గీతలు పడతాయి. చేతులకు నైట్రైల్ గ్లౌజులు, గాలి ఆడే చోటు తప్పనిసరి.

నీళ్లు బొట్లుగా జారడం మానేశాయి

కోటింగ్ అరిగిపోయిందని చాలామంది మళ్లీ సీసా కొంటారు. ఎక్కువసార్లు అది అరగదు, మూసుకుపోతుంది. బ్రేకుల నుంచి ఎగిరే ఇనుప పొడి, రోడ్డు తారు, నీటిలోని లవణాలు కలిసి పైన ఒక పొరగా కూర్చుంటాయి. మామూలు షాంపూకు అది లొంగదు. ఐరన్ రిమూవర్ చల్లితే ఇనుము ఉన్నచోట ఊదారంగులో కారుతుంది. ఆరనివ్వకుండా బాగా కడిగేయండి. అప్పుడు మళ్లీ నీళ్లు చల్లి చూడండి. కారంతా బాగుండి ఒక్క డోరు మీదే నీళ్లు పరుచుకుంటుంటే, ఆ డోరు మీద పాలిష్ నూనె పూర్తిగా తుడవకుండానే కోటింగ్ వేశారన్నమాట. ఆ ఒక్కచోటే మళ్లీ వేస్తే సరి.

తెల్లని గుండ్రటి ఉప్పు మచ్చలు

బోరు నీళ్లతో కడిగే ఊళ్లలో ఇది ఏడాది పొడవునా ఉండే బాధ. కోటింగ్ ఉంటే ఈ మచ్చలు రావని అనుకోవద్దు. బొట్టు గుండ్రంగా నిలిచి అక్కడికక్కడే ఎండుతుంది కాబట్టి అంచు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అందులో మిగిలేది కాల్షియం, మెగ్నీషియం లవణాలు. తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, గుడ్డను తడిపి మచ్చ మీద ఒక నిమిషం ఉంచి, శుభ్రంగా కడగండి. ఎండలో ఈ పని వద్దు. ఆ తర్వాతా వలయం కనిపిస్తోందంటే లవణం పెయింట్‌ను తినేసింది, సన్న పాలిష్ తప్ప దారి లేదు. ఇకపై తెల్లవారుజామునో సాయంత్రమో కడిగి, తడి ఆరకముందే తుడిచేయండి. ఉప్పు మరీ ఎక్కువైతే చివరి తడుపుకు పెట్రోలు బంకుల్లో దొరికే బ్యాటరీ నీళ్లు (యాసిడ్ కాదు, డిస్టిల్డ్ వాటర్) రెండు సీసాలు చాలు.

ఫిల్మ్ కింద బుడగలు, నలుసులు

ముందు బొటనవేలితో నొక్కండి. బుడగ పక్కకు జరిగితే అందులో ఉన్నది నీరు. టీపీయూ గుండా అది కొద్దిరోజుల్లో, ఒక్కోసారి రెండు మూడు వారాల్లో ఆవిరై పోతుంది, జోలికి పోకండి. నొక్కితే అణిగి, వేలు తీయగానే అక్కడే లేస్తే గాలి. జిగురు ఇంకా పట్టకముందైతే దగ్గరి అంచు నుంచి ఫిల్మ్ లేపి, తడిపి, స్క్వీజీతో (నీళ్లు తోసే రబ్బరు పట్టీ) మధ్య నుంచి బయటికి తోయాలి. జిగురు పట్టేశాక చిన్న బుడగకు సన్నని సూదితో పక్కవాటుగా ఒక్క పోటు పొడిచి గాలి నొక్కేయడమే మిగిలిన మార్గం. లేపితే జిగురు మీద గీతలు పడి ఇంకా వికారంగా తయారవుతుంది.

నలుసు మాత్రం లోపల చిక్కిందంటే చిక్కిందే. కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఫ్యాన్ ఆపి, కల్లాపి చల్లినట్టు నేలంతా నీళ్లు చల్లండి, దుమ్ము లేవదు. ఫిల్మ్ జారడానికి నీళ్లలో కొద్ది చుక్కల బేబీ షాంపూ చాలు. అంచులు పట్టడానికి నీళ్లలో పది, పదిహేను శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన ద్రవం వేరుగా పెట్టుకోండి. షాంపూ ఎక్కువైతే అంచు ఎంతకీ అతుక్కోదు. బ్లేడుతో కారు మీదే కోయకండి, ముందే కోసిన సెట్ కొనండి. కొత్తవారు డోరు పిడి కింది గుంతలు, డోరు అంచులు, డిక్కీ గడప దగ్గర మొదలుపెట్టడం మంచిది. వంపులున్న ముందు బంపర్‌ను అనుభవం ఉన్నవారికి వదిలేయమనే నా సలహా.

అంచులు లేస్తున్నాయి

ఫిల్మ్ కింద మైనమో సిరామిక్కో ఉందేమో గుర్తు చేసుకోండి. ఏదీ అంటుకోకుండా చేసే పూత మీద జిగురు మాత్రం ఎలా అంటుకుంటుంది? ముందు ఫిల్మ్, దాని మీద కోటింగ్, ఇదీ వరుస. బలంగా సాగదీసి అతికించినా అంచు వెనక్కి లాక్కుంటుంది. లేచిన చోటును ఆల్కహాల్‌తో తుడిచి, హెయిర్ డ్రయర్‌తో కొంచెం వెచ్చబెట్టి, నొక్కి పట్టుకోండి. మట్టి చేరి నల్లబడిన అంచు ఇక అతకదు, ఆ కాస్తా కోసేయడమే. వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తే ప్రెషర్ గన్ అంచుకు కనీసం అడుగు దూరంలో ఉంచమని చెప్పండి.

ఫిల్మ్ పసుపు రంగుకు తిరిగింది

పసుపు ఎక్కడుందో చూడండి. బానెట్ మధ్యలో గుండ్రంగానో స్వస్తిక్ ఆకారంలోనో ఉంటే అది నిజంగా పసుపే, వాహన పూజ నాటిది. క్లియర్ కోట్ మీద తుడిస్తే పోయే పసుపు టీపీయూలోకి మాత్రం ఇంకుతుంది. గట్టిగా తోమకండి. పసుపులోని రంగుకు ఎండ పడదు కాబట్టి, కడిగి కొన్నాళ్లు ఎండలో నిలిపితే చాలావరకు వెలుస్తుంది. కుంకుమ రంగు ఎక్కువగా కృత్రిమమైనది, అది అంత తేలిగ్గా వదలదు. కొత్త ఫిల్మ్ వేయించి పూజకు తీసుకెళ్తుంటే బొట్టు ముందు అద్దం మీద పెట్టమని పంతులుగారిని అడిగితే కాదనరు.

ఫిల్మ్ మొత్తం సమంగా పసుపెక్కితే అది చవకరకం పీవీసీ అయినా అయి ఉండాలి, జిగురు ఎండకు పాడైనా అయి ఉండాలి. దానికి మందు లేదు, తీసేయాల్సిందే. హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి, ఒక మూల లేపి, పైకి కాకుండా వెనక్కి మడిచినట్టు నెమ్మదిగా లాగండి. మిగిలిన జిగురును జిగురు తీసే ద్రవంతో నానబెట్టి తుడవండి, బ్లేడు వద్దు. ఆ ప్యానెల్‌కు షెడ్డులో మళ్లీ పెయింట్ వేయించి ఉంటే ఒక మూల లాగి చూసి, రంగు ఫిల్మ్‌తో పాటు లేస్తోందనిపిస్తే అక్కడే ఆపి, వేసినవారికే చూపించండి.